చదవడం ముఫ్త్… మరి ఖర్చెవరిది?

రంజాన్ పండగైన వారానికి మా ఆపా కూతురు ఇంటికొచ్చింది. బయోటెక్నాలజీలో పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల. మా ఖాందాన్‌లో అంత దూరం చదివిన మొదటి ఆడపిల్ల. చాయ్ తాగుతూ తన ఫోన్ నా చేతిలో పెట్టింది. ఏదో ఇంటర్నేషనల్ జర్నల్ నుంచి వచ్చిన మెయిల్ అది. నువ్వు పంపిన పరిశోధనా పత్రం కుబూల్ అయింది, ముబారక్ అని దాని సారాంశం. పంపిన మూడో రోజుకే జవాబు! చివర్లో మాత్రం చిన్న అక్షరాలతో ఒక లైను: వారంలోపు ఫీజు కట్టాలి. ఆ ఫీజు ఆమె రెండు నెలల ఫెలోషిప్‌తో సమానం.

"మామూ, ఈ జర్నల్‌ని ఎవరైనా ముఫ్త్‌గా చదువుకోవచ్చట. బాగానే ఉంది. కానీ మేహనత్ చేసింది నేను, రాసింది నేను. మళ్ళీ డబ్బు కూడా నేనే ఎందుకు కట్టాలి?"

నేను టెన్త్ దాకా ఉర్దూ మీడియం, ఆ తర్వాత తెలుగు డిగ్రీ, అక్కణ్ణుంచి అఖ్బార్ నౌకరీ. సైన్స్ నా మైదానం కాదు. కానీ కాగితం మీద అక్షరం పడాలంటే వెనక ఎవరి జేబు ఖాళీ అవుతుందో ఇన్నేళ్ళ నౌకరీలో కాస్త తెలిసింది. "వెంటనే కట్టకు బేటా, నాలుగు రోజులు ఆగు" అన్నాను. ఆ నాలుగు రోజులూ ఈ సైన్స్ రిసాలాల తారీఖ్ తిరగేశాను. అందులో దొరికిందే మీతో చెప్పుకుంటున్నాను. మన ఇళ్ళల్లో ఇప్పుడు ఎమ్మెస్సీలు, ఫార్మసీలు, పీహెచ్‌డీలు చేసే పిల్లలు పెరుగుతున్నారు. ఈ సవాల్ రేపు మీ ఇంటి చాయ్ దగ్గరకూ వస్తుంది.

ముందు మన మొహల్లాలో అందరికీ తెలిసిన ఒక సంగతి. కొత్త మస్జిద్ కడదామంటే చందా వస్తుంది. ఒకరు సిమెంటు ఇస్తారు, ఒకరు ఫ్యాన్లు ఇస్తారు, దుబాయ్‌లో ఉన్నాయన వుజూఖానా టైల్స్ తన మీద వేసుకుంటాడు. ఇఫ్తితాహ్ రోజు బిర్యానీ కూడా పెడతారు. అసలు కష్టం ఆ తర్వాత నెల నుంచి షురూ అవుతుంది. ఇమామ్ సాబ్ తన్ఖా, మోజన్ సాబ్ తన్ఖా, కరెంటు బిల్లు, మోటారు రిపేరు. ఇవి ప్రతి నెలా వస్తాయి. ప్రతి నెలా వచ్చే ఖర్చుకు ప్రతి నెలా వచ్చే ఆమ్దనీ కావాలి. అందుకే మన బుజుర్గులు మస్జిద్‌తో పాటు నాలుగు మల్గీలు కూడా కట్టించి వక్ఫ్ చేసేవారు. అసలు కదలదు, కిరాయితో మస్జిద్ నడుస్తుంది.

సైన్స్ రిసాలా కథ కూడా అంతే. మొదలుపెట్టే డబ్బు వేరు, నిలబెట్టే డబ్బు వేరు. ఈ ఫరఖ్ తెలియక ఎంతెంత పెద్దవాళ్ళు ఇబ్బంది పడ్డారో చూద్దాం.

1665 మార్చి 6న లండన్‌లో 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' తొలి సంచిక వచ్చింది. ఇవాళ్టికీ నడుస్తున్న సైన్స్ రిసాలాల్లో అందరికన్నా పాతది అదే. దాన్ని తెచ్చినవాడు హెన్రీ ఓల్డెన్‌బర్గ్, రాయల్ సొసైటీ సెక్రటరీ. సొసైటీ అనుమతి ఇచ్చిందే కానీ ఖర్చు పెట్టుకోలేదు. లాభమైనా నష్టమైనా ఆయనదే. నాలుగు పౌండ్లు మిగిలితే ఇల్లు గడుస్తుందని ఆయన ఆశపడ్డాడు. మొదలుపెట్టిన కొన్ని నెలలకే లండన్‌ని ప్లేగు చుట్టుకుంది, కొన్ని సంచికలు ఆక్స్‌ఫర్డ్‌లో అచ్చువేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో మహా అగ్నిప్రమాదం, కితాబ్‌లు అమ్మేవాళ్ళ గోదాములు బూడిదయ్యాయి. 1667లో గూఢచర్యం షుబ్హా మీద ఓల్డెన్‌బర్గ్‌నే కొన్ని వారాలు లండన్ టవర్‌లో ఖైదు చేశారు. ఆయన ఆశపడ్డ ఆమ్దనీ ఎప్పుడూ రాలేదు. 1677లో చనిపోయేదాకా రిసాలాను మాత్రం వదల్లేదు.

ఒక మనిషి భుజం మీద నడిచే రిసాలా ఆ మనిషితోనే అలసిపోతుంది. ఓల్డెన్‌బర్గ్ తర్వాత అది అటూ ఇటూ ఊగిసలాడింది. చివరికి 1752లో రాయల్ సొసైటీ దాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. సభ్యులు కట్టే చందాలోంచే ఖర్చు, సభ్యులకు ప్రతులు ముఫ్త్. అంటే వందేళ్ళ లోపే ఒక సబఖ్ తేలింది: ఇల్మ్ పంచే పనికి ఒక జమాత్ పూచీ పడితే అది నిలుస్తుంది.

మన ఉర్దూ తారీఖ్‌లోనూ ఇలాంటిది ఉంది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1864లో గాజీపూర్‌లో సైంటిఫిక్ సొసైటీ పెట్టారు, తర్వాత అది అలీగఢ్ వెళ్ళింది. 1866 నుంచి సొసైటీ తరఫున గెజిట్ వచ్చింది. 1870 డిసెంబర్‌లో 'తహ్‌జీబుల్ అఖ్లాఖ్' మొదలైంది. అంత పేరున్న రిసాలా 1876లో ఆగింది, 1879లో మళ్ళీ లేచింది, మళ్ళీ ఆగింది. మా స్కూల్లో ఉస్తాద్ దాని గురించి గొప్పగా చెప్పేవారు కానీ మధ్యమధ్యలో ఎందుకు ఆగిందో మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. రిసాలాల గురించి మనం రాసినవాళ్ళ పేర్లు గుర్తుపెట్టుకుంటాం, నడిపినవాళ్ళ హిసాబ్ మర్చిపోతాం.

ఇక అసలు కథ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మారింది. అమెరికా, యూరప్ హుకూమత్‌లు సైన్స్ మీద డబ్బు కుమ్మరించాయి. పరిశోధనలు పెరిగాయి, రాసే పత్రాలు పెరిగాయి. పాత సొసైటీల రిసాలాలు వాటిని పట్టలేకపోయాయి. ఈ ఖాళీని కనిపెట్టిన తాజిర్ రాబర్ట్ మాక్స్‌వెల్. చెకొస్లొవేకియాలో పుట్టి, బ్రిటన్ చేరి, 1951లో పెర్గమాన్ ప్రెస్‌ని నిలబెట్టాడు. సైన్స్‌లో ప్రతి చిన్న శాఖకూ ఒక కొత్త జర్నల్ పెట్టాడు. ఒక జర్నల్‌లో వచ్చిన పత్రం ఇంకో జర్నల్‌లో దొరకదు కాబట్టి లైబ్రరీ రెండూ కొనాల్సిందే. ధర ఎంత చెబితే అంత. 1991లో ఆ పెర్గమాన్‌ని ఎల్సెవియర్ కొనేసింది.

ఈ తిజారత్ ఎంత విచిత్రమైనదో చూడండి. పరిశోధనకు డబ్బిచ్చేది ప్రజల పన్ను. రాసే శాస్త్రవేత్తకు జర్నల్ పైసా ఇవ్వదు. ఆ రాత తప్పో ఒప్పో పరీక్షించే తోటి శాస్త్రవేత్తలకూ చాలావరకు పైసా ఇవ్వదు. అలా ముఫ్త్‌గా చేతికొచ్చిన సరుకును అదే యూనివర్సిటీ లైబ్రరీకి భారీ ధరకు అమ్ముతుంది. పాలు మనవి, పొయ్యి మనది, చాయ్ కాచింది మనం, గ్లాసు మాత్రం వాళ్ళది. అందుకని చాయ్ ఖరీదు వాళ్ళే చెబుతారు. 2012 ఏప్రిల్‌లో హార్వర్డ్ యూనివర్సిటీ తన ప్రొఫెసర్లకు ఒక ఖత్ రాసింది: కొన్ని ప్రచురణ సంస్థల జర్నళ్ళకే ఏడాదికి దాదాపు 37.5 లక్షల డాలర్లవుతోంది, ఇలా ఎంతో కాలం నడవదు అని. ప్రపంచంలోనే దౌలత్ ఎక్కువున్న యూనివర్సిటీ ఆ మాట అంటే మన జిల్లా కాలేజీ లైబ్రరీల సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంటర్నెట్ వచ్చాక కొందరికి ఒక ఖయాల్ వచ్చింది. కాగితం లేదు, ప్రెస్ లేదు, పోస్టు ఖర్చు లేదు, ఇంకా ఈ తాళం ఎందుకు? 1991 ఆగస్టులో పాల్ గిన్స్‌పార్గ్ అనే ఫిజిక్స్ శాస్త్రవేత్త లాస్ అలమోస్‌లో ఒక కంప్యూటర్ మీద 'ఆర్కైవ్' మొదలుపెట్టాడు. జర్నల్‌కి ఇంకా ఎక్కని పత్రాలను అక్కడ పెడితే ఎవరైనా తీసుకోవచ్చు. 2001లో అది కార్నెల్ యూనివర్సిటీకి మారింది. అది కూడా ముఫ్త్‌గా నడవలేదు. 2010లో కార్నెల్ తనకొక్కదానికే ఈ భారం కష్టమని చెప్పి, దాన్ని ఎక్కువగా వాడుకునే యూనివర్సిటీలను చందా అడిగింది.

జీవశాస్త్రం వైపు ఈ కథ ఒక కాఫీ హోటల్లో మొదలైంది. హెరాల్డ్ వార్మస్, 1989లో నోబెల్ తీసుకున్న మనిషి. అప్పుడు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు డైరెక్టర్. 1998 డిసెంబర్‌లో సాన్‌ఫ్రాన్సిస్కోలో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ పాట్రిక్ బ్రౌన్‌తో కాఫీకి కూర్చున్నాడు. ఫిజిక్స్ వాళ్ళకు ఆర్కైవ్ ఉంది, మనకెందుకు లేదని బ్రౌన్ అడిగాడు. మన ఇరానీ హోటళ్ళలో చాయ్ మీద ఎన్ని జమాత్‌లు పుట్టాయో, ఇదీ అలాంటిదే. 1999లో వార్మస్ ఒక పెద్ద పథకం ప్రకటించాడు. ప్రచురణ సంస్థలు, కొన్ని సైన్స్ సొసైటీలు కూడా గట్టిగా ముఖాలిఫత్ చేశాయి. పథకం చిక్కి చిక్కి 2000 ఫిబ్రవరిలో 'పబ్‌మెడ్ సెంట్రల్' అనే ఖజానాగా మిగిలింది. ఖజానా తయారైంది కానీ అందులో వేసే జర్నళ్ళు తక్కువ.

అప్పుడు వార్మస్, బ్రౌన్, మైకేల్ ఐసెన్ అనే యువ శాస్త్రవేత్త కలిసి 'పబ్లిక్ లైబ్రరీ ఆఫ్ సైన్స్' పేరుతో ఒక బహిరంగ ఖత్ రాశారు. అచ్చయిన ఆరు నెలలకైనా పత్రాలను అందరికీ తెరవని జర్నళ్ళకు 2001 సెప్టెంబర్ నుంచి రాయం, పరీక్షించం, చందా కట్టం అని అందులో వాదా. 180 దేశాల నుంచి దాదాపు 34 వేల మంది దస్తఖత్ చేశారు. సెప్టెంబర్ వచ్చింది. చాలా జర్నళ్ళు కదల్లేదు. దస్తఖత్ చేసినవాళ్ళలో చాలామంది మళ్ళీ ఆ జర్నళ్ళకే పంపారు.

వాళ్ళను తిట్టడం తేలిక. కానీ నౌకరీ, తరఖ్ఖీ, గ్రాంటు అన్నీ పేరున్న జర్నల్‌తో ముడిపడి ఉన్నాయి. బహిష్కరిస్తే పిల్లలు ఎక్కడ రాయాలి? వేరే ఇల్లు లేకుండా పాత ఇల్లు వదలమంటే ఎవరు వదులుతారు? ఆ ముగ్గురికీ అది అర్థమైంది. మనమే జర్నల్ పెడదాం అనుకున్నారు. 2002 డిసెంబర్‌లో గోర్డన్ అండ్ బెట్టీ మూర్ ఫౌండేషన్ 90 లక్షల డాలర్లు ఇస్తానంది. 2003 అక్టోబర్ 13న 'ప్లాస్ బయాలజీ' తొలి సంచిక వచ్చింది. కోతి మెదడులోని సంకేతాలతో రోబో చేయి కదిలిన పరిశోధన అందులో ఉంది. జనం ఒక్కసారిగా వచ్చిపడితే వెబ్‌సైటు తట్టుకోలేకపోయింది.

ఇది వాళ్ళ ఇఫ్తితాహ్ బిర్యానీ అనుకోండి. ఆ తర్వాత కరెంటు బిల్లు వచ్చింది.

అప్పట్లో ప్లాస్ హిసాబ్ ఇలా ఉండేది: చదివేవాడి దగ్గర తీసుకోం, రాసేవాడి దగ్గర ఒక్కసారి తీసుకుంటాం. ఒక్కో పత్రానికి 1,500 డాలర్లు. అది శాస్త్రవేత్త జేబు నుంచి కాదు, అతని పరిశోధన గ్రాంటు నుంచి రావాలి. కట్టలేనివాళ్ళకు మాఫీ. లండన్‌లో 'బయోమెడ్ సెంట్రల్' 2002 నుంచే ఈ దారిలో 500 డాలర్లు తీసుకునేది. మరి 1,500 ఎందుకు సరిపోలేదు? ప్లాస్ బయాలజీ గొప్ప జర్నల్ కావాలనుకుంది. గొప్ప జర్నల్ అంటే వచ్చిన పత్రాల్లో ఎక్కువ భాగం వాపస్ పంపడం. వంద పత్రాలు చదివి పది తీసుకుంటే, వంద చదివిన జీతాల ఖర్చు పదిమంది ఫీజులో రాబట్టాలి. పూర్తికాల ఎడిటర్లు, కాపీ సరిచేసేవాళ్ళు, వెబ్‌సైటు చూసేవాళ్ళు, ఎవరూ ముఫ్త్‌గా పనిచేయరు కదా.

2006 జూన్‌లో 'నేచర్' పత్రిక ప్లాస్ లెక్కలు బయటపెట్టింది. మూడేళ్ళలో ఖర్చు 15 లక్షల డాలర్ల నుంచి దాదాపు 55 లక్షలకు చేరింది. ఫీజులు, ప్రకటనల ఆమ్దనీ కలిపినా ఖర్చులో 35 శాతమే. ముందటి ఏడాది లోటు దాదాపు 10 లక్షలు. రాసింది పోటీ తిజారత్ చేసేవాళ్ళే అయినా అంకెలు ప్లాస్ సొంత హిసాబ్ కాగితాలవే. ఆ ఏడాదే ప్లాస్ తన పెద్ద జర్నళ్ళ ఫీజును 2,500 డాలర్లకు పెంచింది.

ప్లాస్‌ని నిలబెట్టింది ఇంకో ఆలోచన. 2006 డిసెంబర్‌లో 'ప్లాస్ వన్' మొదలైంది. ఇది గొప్ప పరిశోధనా, చిన్నదా అని అడగదు. పద్ధతి సరిగ్గా ఉందా, లెక్కలు నిజమా, చెప్పిన నతీజాకు సబూత్ ఉందా అని మాత్రమే చూస్తుంది. సరిగ్గా ఉంటే తీసుకుంటుంది. అన్ని శాస్త్రాలకూ ఒకటే దుకాణం. అప్పట్లో ఫీజు 1,250 డాలర్లు. 2007లో 1,200 పైచిలుకు పత్రాలు వేసిన ఈ జర్నల్ 2013 నాటికి ఏడాదికి 31 వేలు దాటింది. ప్రపంచంలో అతి పెద్ద జర్నల్ అయింది. దాని ఆమ్దనీతో ప్లాస్ 2010లో మొదటిసారి తన ఖర్చు తానే రాబట్టుకుంది. పెద్ద జర్నళ్ళ లోటును కూడా అదే మోసింది. నాలుగు మల్గీలు కట్టి మస్జిద్ నడిపినట్టే.

కానీ మల్గీలు ఖాళీ కూడా అవుతాయి. ఈ దారిలో డబ్బుందని తెలిశాక, ముందు నవ్వినవాళ్ళే అదే దుకాణం తెరిచారు. 2008లో బయోమెడ్ సెంట్రల్‌ని స్ప్రింగర్ కొంది. 2011లో నేచర్ ప్రచురణకర్తలు 'సైంటిఫిక్ రిపోర్ట్స్' మొదలుపెట్టారు, కొన్నేళ్ళకు అది ప్లాస్ వన్‌ని దాటింది. ప్లాస్ వన్‌కు పత్రాలు తగ్గాయి, 2010ల చివర్లో ప్లాస్‌కు మళ్ళీ లోటు వచ్చింది. ఒకే జర్నల్ ఆమ్దనీ మీద ఇల్లంతా ఆధారపడితే ఏమవుతుందో అప్పుడు తెలిసింది.

ఇంకో ముష్కిల్ కూడా ఉంది, మా భాంజీ అడిగింది అదే. పాత పద్ధతిలో తాళం చదివేవాడి ముందుండేది. ఫీజు పద్ధతిలో ఆ తాళం రాసేవాడి ముందుకు వచ్చింది. అమెరికాలో పెద్ద గ్రాంటు ఉన్న ప్రొఫెసర్‌కు 1,500 డాలర్లు ఒక బిల్లు. మన దగ్గర పీహెచ్‌డీ పిల్లకు అదే డబ్బు లక్ష రూపాయలు దాటుతుంది. చాలా పేద దేశాలకు దొరికే మాఫీ జాబితాల్లో హిందుస్తాన్ పేరు ఉండదు. అటు దౌలతూ లేదు, ఇటు మాఫీ కూడా లేదు.

అందుకే 2020లో ప్లాస్ మళ్ళీ ఆలోచించింది. 2021 నుంచి ప్లాస్ బయాలజీ లాంటి జర్నళ్ళకు కొత్త ఇంతిజాం. యూనివర్సిటీలు ఒక జమాత్‌గా చేరి ఏడాదికి ఇంత అని చందా కడతాయి. వాటిలోని శాస్త్రవేత్తలు విడిగా ఫీజు కట్టక్కర్లేదు. ఖర్చు మీద మిగులు 10 శాతం దాటకూడదు, అంతకు మించి వస్తే సభ్యులకే వాపస్. 1752లో రాయల్ సొసైటీ పట్టుకున్న దారి గుర్తుందా? రెండున్నర శతాబ్దాలు తిరిగి దాదాపు అక్కడికే వచ్చారు. తేడా ఒక్కటే, ఇప్పుడు సభ్యుడు కానివాడు కూడా చదువుకోవచ్చు.

వేరే దారులు పట్టినవాళ్ళూ ఉన్నారు. 2012లో 'ఈలైఫ్' మొదలైంది. అమెరికాలోని హోవర్డ్ హ్యూజ్ మెడికల్ ఇన్‌స్టిట్యూట్, జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సొసైటీ, బ్రిటన్‌లోని వెల్కమ్ ట్రస్టు, మూడు పెద్ద చేతులు దాన్ని పోషించాయి. మొదట్లో రాసేవాళ్ళకూ ముఫ్త్. 2016లో ఇంకో 2.5 కోట్ల పౌండ్లు ఇస్తామన్నాయి. అయినా 2017 జనవరి నుంచి 2,500 డాలర్ల ఫీజు పెట్టక తప్పలేదు. దాతలు ఎంత పెద్దవాళ్ళైనా ప్రతి పత్రం ఖర్చూ ఎప్పటికీ భరించరు.

బ్రెజిల్ దారి నాకు బాగా నచ్చింది. 1997లో సావోపాలో రాష్ట్ర పరిశోధనా సంస్థ ఫపెస్ప్ 10 దేశీ జర్నళ్ళతో 'సైయెలో' పథకం మొదలుపెట్టింది. ఒక్కో జర్నల్ ఒక్కో వెబ్‌సైటు కట్టుకోకుండా అన్నిటికీ ఒకటే వేదిక, ఒకటే పద్ధతి. ఫపెస్ప్‌కి రాష్ట్ర పన్నుల్లో 1 శాతం వాటా రాజ్యాంగం ప్రకారమే వస్తుంది. అంటే ప్రతి ఏడాదీ ఎవరి ముందూ చేయి చాపక్కర్లేదు. పోర్చుగీసు, స్పానిష్ భాషల్లో రాసిన సైన్స్‌కు కూడా అక్కడ ఇజ్జత్ దొరికింది. లాటిన్ అమెరికా దేశాలు, దక్షిణాఫ్రికా కూడా ఆ దారిలో చేరాయి.

ఇక అతి తక్కువ ఖర్చు దారి. గణితంలో ఫీల్డ్స్ మెడల్ పొందిన కేంబ్రిడ్జ్ ప్రొఫెసర్ టిమ్ గోవర్స్ 2012లో ఎల్సెవియర్‌ని బహిష్కరిద్దామని పిలుపిచ్చాడు. బహిష్కారంతో ఆగలేదు, 2016లో 'డిస్క్రీట్ అనాలిసిస్' అనే జర్నల్ తెచ్చాడు. పత్రాలు ఆర్కైవ్‌లోనే ఉంటాయి. జర్నల్ వాటిని పరీక్షించి, కుబూల్ అయినవాటికి లింకు పెడుతుంది. మొదలైనప్పుడు వచ్చిన ఒక్కో పత్రానికి వేదికకు కట్టింది 10 డాలర్లు. అదీ రాసేవాడు కాదు, జర్నలే కడుతుంది. ఎడిటర్లు ప్రొఫెసర్లు, వాళ్ళకు యూనివర్సిటీ జీతం ఉంది. అయితే ఆర్కైవ్ ఖర్చు మాత్రం ఇంకెవరో మోస్తున్నారు. ఆ సంగతి మర్చిపోకూడదు.

మన ముంబయిలోనూ ఒక మిసాల్ ఉంది. కె.ఇ.ఎం. హాస్పిటల్, జి.ఎస్. మెడికల్ కాలేజీ స్టాఫ్ సొసైటీ 1955 నుంచి నడుపుతున్న పోస్ట్‌గ్రాడ్యుయేట్ మెడిసిన్ జర్నల్ ఇంటర్నెట్‌లో ముఫ్త్‌గా తలుపులు తెరిచింది. రాసేవాళ్ళ దగ్గరా ఫీజు తీసుకోలేదు. ముఫ్త్‌గా ఇస్తే అచ్చు కాపీ ఎవరు కొంటారని అందరి భయం. జరిగింది వేరు. జర్నల్ నలుగురి కంటా పడింది, పత్రాలు ఎక్కువ వచ్చాయి, అచ్చు చందాదారులు కూడా పెరిగారు. దీని వెనకున్న డాక్టర్ డి.కె. సాహూ 'మెడ్‌నో' పేరుతో ఎన్నో డాక్టర్ల సంఘాల జర్నళ్ళను అదే దారిలో నడిపారు. 2011లో మెడ్‌నోని ఒక విదేశీ పెద్ద సంస్థ కొనేసింది. మనం కట్టిన ఇల్లు మన చేతిలోనే ఉండాలంటే దాని దస్తావేజులో యజమాని ఎవరో మొదటే రాసుకోవాలి. వక్ఫ్‌నామాలో ముతవల్లీ ఎవరు, అమ్ముకునే ఇఖ్తియార్ లేదు అని రాసేది అందుకే.

ఇప్పుడు మా పిల్లకు వచ్చిన మెయిల్ దగ్గరికి వద్దాం. రాసేవాడే డబ్బు కట్టాలి అనే పద్ధతి వచ్చిన రోజే దొంగలకు కూడా దారి దొరికింది. జర్నల్ అనే పేరు, ఒక వెబ్‌సైటు, ఒక బ్యాంకు ఖాతా ఉంటే చాలు. పరీక్ష లేకుండా కుబూల్, వెంటనే ఫీజు. 2013 అక్టోబర్‌లో 'సైన్స్' పత్రిక తరఫున జాన్ బొహానన్ ఒక ఇమ్తిహాన్ పెట్టాడు. కావాలని ఘోరమైన తప్పులు పెట్టిన నకిలీ పత్రాన్ని 304 జర్నళ్ళకు పంపాడు. 157 జర్నళ్ళు కుబూల్ అన్నాయి. పత్రం పంపిన జర్నళ్ళను నడిపే చోట్లు వెదికితే దాదాపు మూడోవంతు హిందుస్తాన్‌లోనే తేలాయి. ప్లాస్ వన్ మాత్రం జాగ్రత్తగా పరీక్షించి తిరస్కరించింది.

ఇంకా చేదు సంగతి మన హైదరాబాద్‌ది. ఇక్కణ్ణుంచి వందలాది జర్నళ్ళు నడిపిన ఒక సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. పత్రాలను పరీక్షిస్తామని అబద్ధం చెప్పారని, ఫీజు సంగతి కుబూల్ చేసేదాకా దాచారని ఇల్జామ్. 2019 మార్చిలో నెవడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. ఒకప్పుడు దార్-ఉల్-తర్జుమా పెట్టి సైన్స్ కితాబ్‌లను ఉర్దూలోకి తెచ్చిన షహర్ పేరు ఇలా వినబడితే మనసుకు కష్టంగా ఉంటుంది.

మన హుకూమత్ కూడా ఒక దారి పట్టింది. 2024 నవంబర్‌లో కేంద్ర కేబినెట్ 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు ఇచ్చింది. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13 వేల జర్నళ్ళు, 6,300 సర్కారీ సంస్థల్లో చదువుకోవచ్చు. మన తెలుగు రాష్ట్రాల యూనివర్సిటీ పిల్లలకు ఇది మంచి మదదే, కాదనను. కానీ ఇది సర్కారీ సంస్థలకు మాత్రమే. మన పిల్లలు ఎక్కువమంది చదివే ప్రైవేటు, మైనారిటీ కాలేజీలు గేటు బయటే ఉన్నాయి. పైగా ఆ డబ్బు తాళం చెవి కిరాయికి తీసుకోవడానికే పోతుంది. మూడేళ్ళయ్యాక మళ్ళీ కిరాయి కట్టాలి. అందులో ఒక చిన్న వాటా మన సొసైటీలు, యూనివర్సిటీలు ఇమాన్‌దారీగా నడిపే సొంత జర్నళ్ళకు ప్రతి ఏడాదీ ఖాయంగా ఇస్తే, సైయెలో లాంటి ఇల్లు మనకూ ఉంటుంది. అదీ అమ్ముడుపోని ఇల్లు.

నాలుగు రోజుల తర్వాత ఆ పిల్లను కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను. ఫీజు అడగడమే తప్పు కాదు బేటా, ఖర్చు నిజం అన్నాను. కానీ ఆ ఖర్చు హిసాబ్ వాళ్ళు చూపించాలి. ఫీజు ఎంతో పత్రం పంపకముందే రాసి ఉండాలి. ఎడిటర్లు నిజంగా ఆ యూనివర్సిటీలో ఉన్నారా, వాళ్ళకు ఈ సంగతి తెలుసా అని అడగాలి. 2003 నుంచి ఉన్న ఓపెన్ యాక్సెస్ జర్నళ్ళ డైరెక్టరీలో పేరుందా చూడాలి. మా ఇద్దరం ఆ జర్నల్ ఎడిటర్ల జాబితాలో ఇద్దరి పేర్లు వెదికాం. ఒకాయన ఆ యూనివర్సిటీలో ఎక్కడా లేడు. ఇంకొకావిడకు మెయిల్ రాస్తే, ఆ జర్నల్ పేరే వినలేదని జవాబిచ్చింది.

ఫీజు కట్టలేదు. గైడ్ సలహాతో అదే పత్రాన్ని రాసేవాళ్ళ దగ్గరా చదివేవాళ్ళ దగ్గరా ఏమీ తీసుకోని ఒక సైన్స్ సొసైటీ జర్నల్‌కి పంపింది. మూడు రోజుల్లో కాదు, మూడు నెలలకు జవాబొచ్చింది. కుబూల్ అని కాదు. ఇద్దరు పరీక్షకులు మూడు పేజీల సవాళ్ళు రాశారు. ఒక ప్రయోగం మళ్ళీ చేయమన్నారు. మా ఆపా ఫోన్‌లో గాభరాపడింది, "వాపస్ వచ్చిందట కదరా" అని.

"వాపస్ కాదు ఆపా, ఎవరో ముఫ్త్‌గా కూర్చుని దాన్ని చివరి దాకా చదివారు" అన్నాను. పిల్ల ఇప్పుడు ల్యాబ్‌లోనే ఉంది, ఆ ప్రయోగం మళ్ళీ చేస్తోంది. దువా చేయండి.